పాపిరస్ వదిలి ఐరేసింగ్‌కి

రేసింగ్ గేమ్ అనగానే మన తరంలో చాలామందికి గుర్తొచ్చేది రోడ్ రాష్. పక్క బైకు వాణ్ణి గొలుసుతో కొట్టి ముందుకు పోవడమే అందులో ఆట. మనం నెట్ సెంటర్లో ఆ పనిలో ఉండగా అమెరికాలో ఇంకో రకం ఆట పెరుగుతూ వచ్చింది. టైరు వేడెక్కితే పట్టు ఎలా మారుతుంది, ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ కారు నడక ఎలా మారుతుంది, ఇలాంటివన్నీ లెక్కగట్టే ఆట. ఆడేవాళ్ళు దాన్ని సిమ్యులేటర్ అంటారు, ముద్దుగా సిమ్. ‘గేమ్’ అంటే కాస్త నొచ్చుకుంటారు కూడా.

ఒక సిమ్ వదిలి ఇంకోదానికి మారడం బయటివాళ్ళకి చాలా చిన్న విషయం. యాప్ మార్చినట్టే కదా అనుకుంటారు. కొన్నేళ్ళ క్రితం నేను అసెట్టో కోర్సా నుంచి ఐరేసింగ్‌కి మారేటప్పుడు, డబ్బు కట్టేముందు దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందామని పాత సంగతులు తవ్వడం మొదలుపెట్టాను. తవ్వుతూ పోతే తేలిందేమిటంటే, ఐరేసింగ్ పుట్టిందే ఒక పెద్ద వలసలోంచి.

కథ మసాచుసెట్స్‌లో మొదలవుతుంది. డేవిడ్ కేమర్, ఒమర్ ఖుదారి కలిసి పెట్టిన పాపిరస్ అనే చిన్న కంపెనీ 1989లో ‘ఇండియానాపోలిస్ 500: ది సిమ్యులేషన్’ తెచ్చింది. కేమర్ పట్టుదల ఒక్కటే, కారు కారులాగే ప్రవర్తించాలి. ఆ పట్టుదల 1998లో ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’ దగ్గర పరాకాష్ఠకు చేరింది. 1967 నాటి ఫార్ములా వన్ కార్లు అవి. రెక్కలు లేవు, సన్నటి టైర్లు, బోలెడంత ఇంజన్ బలం. కొన్నవాళ్ళలో చాలామంది మొదటి మలుపు కూడా దాటలేక డబ్బాలో పెట్టేశారట. వ్యాపారంగా అది పెద్దగా ఆడలేదు. ఆడినవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి వదల్లేదు.

దాని తర్వాత 2003 ఫిబ్రవరిలో ‘నాస్కార్ రేసింగ్ 2003 సీజన్’ వచ్చింది. అభిమానులు ఎన్ఆర్2003 అని పొట్టిగా పిలుస్తారు. ఒకే రేసులో నలభైకి పైగా కార్లు, అవి కూడా ఆనాటి ఇంటర్నెట్ మీద. నా వృత్తి వల్లనేమో, నాకు ఇక్కడే ఆశ్చర్యం ఎక్కువ. గంటకి 200 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 56 మీటర్లు. మీ సమాచారం నాకు చేరడానికి 200 మిల్లీసెకన్లు పడితే, నేను చూసే మీ కారు 11 మీటర్లు పాతది. అంటే రెండు కార్ల పొడవు. అందుకని నా కంప్యూటర్ మీ కారు ఇప్పుడు ఎక్కడుండవచ్చో ఊహించి గీస్తుంది. ఆ ఊహ తప్పితే, మీ తెరమీద మనిద్దరం తగలనే లేదు, నా తెరమీద నేను గోడలో ఉన్నాను. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇలాంటి తగాదాలు సర్దడానికే లీగుల్లో పెద్దమనుషులు ఉండేవాళ్ళు.

ఆ లీగులన్నీ ఆటగాళ్ళు కట్టుకున్నవే. ఎవరైనా తన కంప్యూటర్‌ని సర్వర్‌గా పెట్టి నలుగురిని పిలవచ్చు. కార్ల మీద రంగులు, గేమ్‌లో లేని ట్రాకులు, మొత్తానికి కొత్త రకం కార్లు కూడా అభిమానులే రాత్రుళ్ళు కూర్చుని తయారు చేసి ఉచితంగా పంచారు.

అప్పుడే దెబ్బ పడింది. నాస్కార్ పేరు వాడుకునే హక్కుని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తనొక్కదానికే దక్కేలా కొనేసుకుంది. దాంతో పాపిరస్‌కి బతుకుతెరువు పోయింది, 2004 కల్లా మూతపడింది. అదే ఏడాది కేమర్ ఇంకొకరితో కలిసి కొత్త కంపెనీ పెట్టాడు. ఆ ఇంకొకరు జాన్ హెన్రీ, బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టు యజమాని, తర్వాత లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఆయన బృందం చేతికే వచ్చింది. సిమ్ రేసింగ్ ఆయనకి సరదా. ఎన్ఆర్2003 సోర్స్ కోడ్ హక్కులు తెచ్చుకుని, దాన్నే పునాదిగా చేసుకుని, నాలుగేళ్ళు పనిచేసి, 2008 ఆగస్టులో జనానికి తెరిచిన ఇల్లే ఐరేసింగ్.

ఇల్లు అన్నాను గానీ, అద్దె ఇల్లు అనాలి. ఎన్ఆర్2003 డిస్కు ఒకసారి కొంటే మీదే. ఐరేసింగ్‌కి చందా కట్టాలి. అది కాక కారు దాదాపు 12 డాలర్లు, ట్రాకు 12 నుంచి 15 డాలర్లు. చందా ఆపేస్తే కొన్న కార్లు కూడా నడపలేరు. మా రూమ్మేట్‌కి ఇది వివరిస్తే, “కొనుక్కున్న కారుకి మళ్ళీ నెలనెలా అద్దేంట్రా?” అన్నాడు. నా దగ్గర సరైన జవాబు లేదు. సర్వర్లన్నీ కంపెనీవే. అభిమానులు కట్టిన ట్రాకులకి అక్కడ చోటు లేదు, చాలావరకు లేజర్‌తో అంగుళం అంగుళం కొలిచి కంపెనీ తయారు చేసినవే ఉంటాయి.

మరి ఇంత పోగొట్టుకుని జనం ఎందుకు వెళ్ళారు? ఖచ్చితత్వం ఒక కారణం, సరే. నా లెక్కలో అసలు కారణం వేరే. ఐరేసింగ్ ముసుగు తీసేసింది. అక్కడ మారుపేర్లు కుదరవు, అసలు పేరుతోనే ఆడాలి. కొత్తగా చేరినవాడు రూకీ, అక్కణ్ణించి డి, సి, బి, ఏ లైసెన్సుల మెట్లెక్కాలి. ట్రాకు బయట చక్రం పెడితే ఒక మచ్చ, కారు అదుపు తప్పితే రెండు, ఇంకో కారుని గట్టిగా గుద్దితే నాలుగు. తప్పెవరిదని యంత్రం అడగదు, ఇద్దరికీ వేస్తుంది. మొదట్లో ఇది ఘోరమైన అన్యాయం అనిపిస్తుంది. కొన్ని వారాలయ్యాక, పక్కవాడు పిచ్చిగా నడుపుతుంటే మనమే తప్పుకోవడం అలవాటవుతుంది. పాత లీగుల్లో పెద్దమనిషి చేసిన పని ఇప్పుడు ఒక సూత్రం చేస్తోంది. సూత్రానికి పక్షపాతం లేదు. కబుర్లు చెప్పే గుణమూ లేదు.

నా సొంత వలస సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అసెట్టో కోర్సా ఇటలీలోని కూనోస్ వాళ్ళది, 2014లో పూర్తిగా విడుదలైంది. మాడ్‌ల విషయంలో అది ఎన్ఆర్2003కి అసలైన వారసురాలు. టోక్యో ఎక్స్‌ప్రెస్ వే మీద అర్ధరాత్రి ఊరికే తిరగడానికి అభిమానులు కట్టిన సర్వర్లు కూడా ఉన్నాయి. దాన్ని వదిలి వెళ్ళినప్పుడు నా చేతులు, కాళ్ళు నాతో రాలేదు. స్టీరింగ్ అదే, పెడల్స్ అవే, కానీ బ్రేకు వదిలే క్షణం వేరు. ఒకే నవలకి రెండు అనువాదాలు చదివినట్టుంటుంది. కథ తెలుసు, ఊపిరి తీసుకునే చోట్లు మారిపోతాయి.

2020లో కోవిడ్ రేసుల్ని ఆపేసినప్పుడు ఈ అద్దె ఇల్లు ఒక్కసారిగా టీవీలో కనబడింది. మార్చి 22న నాస్కార్ డ్రైవర్లు తమ ఇళ్ళల్లోంచి ఐరేసింగ్ మీద పోటీ పడితే అమెరికాలో 9 లక్షలకు పైగా చూశారు. డెనీ హామ్లిన్ గెలిచాడు. వారం తర్వాత టెక్సస్ ట్రాకు మీద గెలిచింది టిమ్మీ హిల్. నిజం రేసుల్లో డబ్బు లేని జట్టులో వెనకెక్కడో తిరిగే డ్రైవరు అతను, సిమ్‌లో మాత్రం పాత కాపు.

మారడాల్లో కోపంతో జరిగేవీ ఉంటాయి. 2023 జనవరిలో ఆర్‌ఫాక్టర్ 2 మీద వర్చువల్ లె మాన్స్ 24 గంటల రేసు జరిగింది. ముందున్న మాక్స్ వెర్‌స్టాపెన్ కనెక్షన్ మధ్యలో తెగిపోయింది. అప్పటికే రెండుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి, ఆ రేసు నిర్వాహకుల్ని లైవ్‌లోనే కడిగేసి, ఈ గేమ్‌ని నా కంప్యూటర్లోంచి తీసేస్తున్నానన్నాడు. మనలాంటి వాళ్ళం అన్న మాటే, అతను అంటే వార్త అయింది.

ఆ ఆర్‌ఫాక్టర్ 2 అప్పుడు మోటార్‌స్పోర్ట్ గేమ్స్ అనే కంపెనీ చేతిలో ఉంది. నాస్కార్ గేమ్ హక్కులూ దాని దగ్గరే ఉండేవి. అదే ఏడాది అక్టోబరులో ఆ నాస్కార్ హక్కుల్ని కొనుక్కుంది ఎవరనుకుంటున్నారు, ఐరేసింగ్. ఇరవై ఏళ్ళ క్రితం ఏ కాగితం చేజారి పాపిరస్ మూతపడిందో, ఆ కాగితం తిరిగి తిరిగి దాని వారసుల చేతికే వచ్చింది. 2025లో ‘నాస్కార్ 25’ పేరుతో వాళ్ళ గేమ్ కూడా వచ్చేసింది.

కథ ఇక్కడ సుఖాంతమైనట్టే కనబడుతుంది గానీ నన్ను ఒక సంగతి వదలడం లేదు. ఎన్ఆర్2003 మీద ఇవాళ్టికీ లీగులు నడుస్తున్నాయి. కంపెనీ పోయి ఇరవై ఏళ్ళు దాటినా, డిస్కు ఉన్నవాడు దాన్ని 2003లో ఉన్నట్టే నడపగలడు. 2008 నాటి ఐరేసింగ్‌ని మాత్రం ఇవాళ ఎవరూ నడపలేరు, డబ్బు కట్టినా సరే. అప్పటి టైరు లెక్కలు పోయాయి, ప్రతి కొత్త వెర్షన్ పాతదాని మీదే కూర్చుంటుంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతికితే ఒక పుస్తకం మొదటి ముద్రణ ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. ఇక్కడ రచయితే ఇంటింటికీ వచ్చి పాత ముద్రణ తీసుకుని కొత్తది పెట్టిపోతున్నాడు, అదీ మన చందా డబ్బులతో. రేపెవరైనా ఈ ఆటల చరిత్ర రాయాలనుకుంటే, పాపిరస్ గురించి ఆడి చూసి రాస్తారు. ఐరేసింగ్ తొలి రోజుల గురించి మాత్రం పాత వీడియోలు చూసి రాసుకోవాలి. నా చందా వచ్చే నెల అయిపోతుంది, కడతాను. ఎన్ఆర్2003 డిస్కు కోసం కూడా వెతుకుతున్నాను. సెకండ్ హ్యాండ్‌లో దాని అసలు ధరకి చాలా ఎక్కువే అడుగుతున్నారు.