సర్కారు పెంపకములోని బిడ్డలు – వారి ఆరోగ్యము

జబ్బుపడిన పిల్లవానిని ఆసుపత్రికి తీసికొనిపోయినపుడు వైద్యుడు మొదట తల్లిని ప్రశ్నించును. జ్వరము ఎన్నాళ్ల నుండి? ఇంతకుముందెన్నడైన ఫిట్సు వచ్చినదా? ఏ టీకాలు వేయించితిరి? ఏ మందైన పడకపోవుట కలదా? తల్లి తడుముకొనకుండ చెప్పును. రోగచరిత్ర అని మనము పెద్ద పేరు పెట్టుకొన్న దానిలో సగము ఆమె జ్ఞాపకమే. అట్టి తల్లి లేని బిడ్డ, సర్కారే సంరక్షకుడుగా గల బిడ్డ, వైద్యుని యెదుట నిలిచినపుడు జవాబు చెప్పవలసిన వారెవరు? ఇది కొత్త ప్రశ్న కాదు. దీని వెనుక మూడు శతాబ్దుల చరిత్ర యున్నది.

లండను నగరమున వీధులలో వదలివేయబడిన శిశువులను చూచి సహింపలేక థామస్ కోరమ్ అను నౌకాధిపతి 1739లో రాజశాసనము సంపాదించి ‘ఫౌండ్లింగ్ హాస్పిటల్’ అను శరణాలయమును నెలకొల్పెను. పేరు హాస్పిటలే గాని అది రోగులకు కాదు, దిక్కులేని శిశువులకు. 1756లో పార్లమెంటు దానికి ధనమిచ్చి, తెచ్చిన ప్రతి బిడ్డను చేర్చుకొనవలెనని నియమము విధించెను. నాలుగేండ్లలో ఇంచుమించు 15,000 మంది శిశువులు వచ్చిరి. వారిలో దాదాపు మూడింట రెండువంతులు మరణించిరి. 1760లో పార్లమెంటు ఆ ఏర్పాటును విరమించెను. దయకు లోటు లేదు. పాలిచ్చు దాదులకు, గాలి వెలుతురులకు, లెక్కకు మాత్రము లోటు.

ఆ లెక్క సంగతి పట్టించుకొన్నవాడు ఆ సంస్థ పాలకులలో ఒకడైన జోనాస్ హాన్వే. ఈయన వర్తకుడు. లండను వీధులలో గొడుగు వేసికొని తిరిగి నవ్వులపాలైన తొలి మగవారిలో ఒకడని కూడ ప్రసిద్ధి. నగరములోని పేటల పాలకవర్గములు, అనగా నాటి స్థానిక ప్రభుత్వములు, తమ పోషణలోనున్న శిశువులను ఏమి చేయుచున్నవో ఈయన తిరిగి విచారించెను. ఆయన పట్టుదల వలన 1762లో ఒక చట్టము వచ్చినది. ప్రతి పేటయు తన పోషణలోని శిశువుల వివరములను రిజిస్టరులో వ్రాసి యుంచవలెనని దాని సారాంశము. ఆ లెక్కలు బయటపడిన తరువాత 1767లో మరియొక చట్టము చేయబడి, ఆరేండ్ల లోపు బిడ్డలను లండనుకు కనీసము మూడు మైళ్ల దూరమున దాదుల యిండ్లకు పంపసాగిరి. బిడ్డ బ్రతికి పెరిగినచో దాదికి బహుమానము కూడ కలదు. మందు గాదు, మాకు గాదు, ఒక రిజిస్టరు ముందు వచ్చినది. చికిత్స దాని వెనుక వచ్చినది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గమనింపదగిన వరుస యిది.

దిక్కులేని బిడ్డలకు లోకము చేసిన ఉపకారమే కాక, వారి వలన లోకము పొందిన ఉపకారమును చెప్పుకొనవలెను. 1803లో స్పెయిను నుండి అమెరికా ఖండమునకు మశూచి టీకా రసమును చేర్చవలసివచ్చినపుడు శీతల పేటికలు లేవు. బాల్మిస్ అను వైద్యుడు 22 మంది అనాథ బాలురను ఓడ నెక్కించి, ఒకరి చేతి పొక్కునుండి మరియొకరి చేతికి టీకా వేయుచు సముద్రము దాటించెను. లక్షలమందికి రక్షణ లభించినది. ఆ బాలుర అనుమతిని అడిగినవారు లేరు.

ఇక అమెరికాలోని జాక్సన్ నగరము. 1914లో అచ్చటి రెండు అనాథాశ్రమములలో పెల్లగ్రా ప్రబలియుండెను. చర్మము పొలుసులు కట్టుట, విరేచనములు, మతిచలనము దీని లక్షణములు. ఇది అంటురోగమని అనేకులు నమ్మిరి. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను ప్రభుత్వ వైద్యుడు ఒక చిత్రమును గమనించెను. సిబ్బందికి రోగము లేదు. ఆరేండ్ల లోపు వారికి పాలు దొరకును, పండ్రెండేండ్లు దాటినవారు పనిచేయుదురు గనుక వారికి మాంసము దొరకును. వారికిని రోగము అంతగా లేదు. నడిమి వయసు వారే మొక్కజొన్న పిండితో కాలము గడుపుచు పీడింపబడుచుండిరి. ఆయన పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుజాతి గింజలు పెట్టించగా మరుసటి యేటికి రోగము దాదాపు మాయమాయెను. తరువాత ఒక ఆశ్రమము పాత భోజనమునకే మరలగా రోగమును మరలివచ్చెను!

ఈ కథకు మన హైదరాబాదులో రెండవ అధ్యాయము కలదు. కూనూరునుండి 1958లో ఇచ్చటికి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయములో (1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ) సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియాలు దక్కను జొన్న తినువారిలో పెల్లగ్రాను పరిశీలించి, జొన్నలో అధికముగా నుండు లూసిన్ అను ఎమైనో ఆమ్లము నయాసిన్ లోపమును హెచ్చించునని 1960లో ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతము పిమ్మట చర్చకు లోనైనది గాని, ఒకే ధాన్యము మీద బ్రతుకు పళ్లెము ప్రమాదకరమను విషయమున చర్చ లేదు.

తిండి పెట్టిన చాలునా? 1948లో యుద్ధానంతర జర్మనీలో ఎల్సీ విడోసన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞురాలు రెండు మునిసిపల్ అనాథాశ్రమములలో పిల్లల బరువు, ఎత్తు కొలిచెను. ఒక్కొక్కదానిలో సుమారు 50 మంది. మొదటి ఆరునెలలు ఇరువురికిని రేషను భోజనమే. రెండవ ఆరునెలలు ఒక ఆశ్రమమునకు మాత్రము అదనముగా రొట్టె, జామ్, నారింజరసము ఇచ్చిరి. ఆశ్చర్యమేమనగా అదనపు తిండి తిన్నవారే తక్కువ పెరిగిరి. కారణము వెదకగా ఒక మేట్రను బయటపడినది. భోజనవేళ పిల్లలను నలుగురిలో తిట్టి ఏడ్పించు ఆ యమ, సరిగా తిండి హెచ్చించిన సమయముననే మొదటి ఆశ్రమమునుండి ఈ ఆశ్రమమునకు బదిలీయై వచ్చెను. ఆమె ముద్దుచేయు పిల్లలు కొందరు ఆమెతో కూడ వచ్చిరి. వారు మాత్రము బాగుగా పెరిగిరి. 1951లో ఈ ఫలితము లాన్సెట్ పత్రికలో ప్రకటింపబడినది. ఏ ప్రయోగశాలలోను ఇంత చక్కని ‘కంట్రోలు’ దొరకదు.

మన దేశమున 2015 నాటి బాలన్యాయ చట్టము సంరక్షణ గృహములలోని బిడ్డలకు వైద్యసౌకర్యమును విధిగా చేసినది. 2016 నాటి నమూనా నిబంధనలు నెలకొకసారి వైద్యపరీక్షను, ఎత్తు, బరువు, జబ్బు, చికిత్సలు వ్రాసిన ఆరోగ్యపత్రమును ప్రతి బిడ్డకు కోరుచున్నవి. హాన్వే రిజిస్టరే రెండున్నర శతాబ్దులకు మనవద్దకు వచ్చినదనవచ్చును. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వైద్యబృందములు పాఠశాలలకు పోయి పిల్లలను పరీక్షించుచున్నవి.

మా రామకృష్ణాపూర్‌లో గని కార్మికుని బిడ్డకు సింగరేణి ఏరియా ఆసుపత్రిలో తండ్రి ఉద్యోగమును బట్టియే వైద్యము లభించును. హాస్టలు బిడ్డకు అట్టి తండ్రి పేరు లేదు. వార్డెనే తండ్రి, వార్డెనే బదిలీయై పోవును. గనిలోని పద్ధతి చూడుడు. షిఫ్టు ముగియగానే సర్దారు పైకప్పు, గాలి, వాయువుల స్థితిని పుస్తకమున వ్రాయును. ఆ వ్రాతను బట్టియే తరువాతి షిఫ్టు వారు తమ తనిఖీ సాగింతురు. మనిషి మారును, సమాచారము మారదు.

పూర్వపు ఆదిలాబాదు జిల్లా గిరిజన బాలబాలికల విషయమున ఇది మరింత ముఖ్యము. 1943లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండుల విద్యకు పునాది వేసిన నాటికి సికిల్ సెల్ వ్యాధి ఇచ్చటివారికి పేరైన తెలియదు. కీళ్లనొప్పి అని మూలుగు బాలుని బడిదొంగ అని అనుకొనుట సులభము. 2023 జూలైలో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమున రక్తపరీక్ష చేసి, ఫలితమును తెలుపు రంగుల కార్డు నిచ్చుచున్నారు. ఆ కార్డు బాలుని రేకుపెట్టెలో పడియుండునో, వార్డెను గోడమీది పట్టికలో చేరునో, అర్ధరాత్రి నొప్పి లేచినపుడు తెలియును.