పవర్ ప్రెస్ దగ్గర వేళ్లు పోకుండా, పోతే హక్కు పోకుండా

కన్నడంలో ‘బళె’ అంటే గాజు. చేతి గాజుల పేరున్న ఈ బళేపేటలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్లకు ఒక మాట. మీ పిల్లలు పీణ్య వైపు వర్క్‌షాపుల్లో పనిచేస్తున్నా, మీరే వర్క్‌షాపు నడుపుతున్నా ఈ వివరాలు దగ్గర ఉంచుకోమని కోరుతున్నాం.

ప్రమాదం ఎలా జరుగుతుంది?
రేకును డై కింద నొక్కే పాత కీ-క్లచ్ ప్రెస్‌లో పెడల్ తొక్కగానే రామ్ దిగుతుంది, సగంలో ఆగదు. స్ప్రింగ్ అరిగితే తొక్కకుండానే రెండోసారి దిగవచ్చు. ఎంత చురుకైనవాడైనా చెయ్యి తీసుకోలేడు.

ఏం ఉండాలి?
చెయ్యి డై మధ్యకు పోకుండా గార్డు ఉండాలి. రేకు పెట్టడానికి పట్టకారు వాడాలి. లైట్ కర్టెన్ మధ్యలో ఆగగల ప్రెస్‌లకే పనికొస్తుంది, కీ-క్లచ్ ప్రెస్‌కు కాదు. తిరిగే డ్రిల్లు, లేత్‌ల దగ్గర గ్లౌజు వద్దు. అది చిక్కుకుని చేతినే లాగుతుంది. యంత్రానికి కంచె వేయడం 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ నాటి నుంచీ యజమాని బాధ్యతే. అయితే పనివాడు కావాలని గార్డు విప్పితే పరిహారానికి యజమాని అభ్యంతరం చెప్పవచ్చు.

వేలు తెగితే?
గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. తెగిన వేలిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో మూసి, ఆ కవర్‌ను ఐసు నీళ్లలో పెట్టండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రావలసింది ఎంత?
పది మందికి తగ్గకుండా పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయలు మించనివారికి ఈఎస్ఐ ఉంటుంది. పనిలో తగిలిన గాయానికి ఇన్ని నెలల చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం, శాశ్వత నష్టానికి నెలనెలా భత్యం వస్తాయి.

ఈఎస్ఐ లేకపోతే యజమానే పరిహారం ఇవ్వాలి. 1923 పరిహార చట్టం పట్టీలో సంపాదన శక్తి నష్టం బొటనవేలికి 30 శాతం, చూపుడువేలికి 14 శాతం. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ పట్టీ ఉంది. 30 ఏళ్లవాడి నెల జీతం 15,000 అనుకుందాం. అందులో 60 శాతం 9,000. దాన్ని ఆ వయసు గుణకం 207.98తో గుణించి 14 శాతం తీస్తే సుమారు 2.62 లక్షల రూపాయలు. ఇది ఒక్క చూపుడువేలికే.

కాగితాలు జాగ్రత్త
ఆసుపత్రి చీటీలో ‘పనిలో యంత్రం వల్ల’ అని రాయించండి. ‘ఇంట్లో తలుపు సందులో పడింది’ అని రాయిస్తే దావా అక్కడే బలహీనపడుతుంది. హాజరు, జీతం రుజువులు, ప్రమాద నివేదిక నకలు దాచుకోండి. పరిహారం దావాకు గడువు రెండేళ్లు. చేతిలో కొంత డబ్బు పెట్టి తెల్లకాగితం మీద సంతకం అడిగితే, పెట్టకముందే సంఘం కార్యాలయానికి రండి. కాగితాలు మేము చూసిపెడతాం.