కొనుగోలుకు ఇంగ్లీషులో ఎన్ని మాటలు!

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజులను గురించి రాసేంత చదువు నాకు లేదని చెప్పాను. ముప్పయ్యారేళ్లు ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి. నాకు కాస్తో కూస్తో తెలిసినవి మాటలు. కనుక మనమందరం సర్వీసంతా డ్రాఫ్టుల్లో రాసిన కొన్ని ఇంగ్లీషు మాటల చరిత్రే రాస్తున్నాను.

బై, పర్చేజ్, ప్రొక్యూర్, ఎక్వైర్. డిక్షనరీ తీస్తే అన్నీ అన్నదమ్ములే. ఆఫీసులో మాత్రం ఒకదాని చోట ఇంకొకటి రాస్తే సూపరింటెండెంటుగారు ఎర్రసిరాతో సున్నా చుట్టి ఫైలు వెనక్కి పంపేవారు. గుండుసూదులు, ట్యాగులు పర్చేజ్ చేసేవాళ్లం. ధాన్యం ప్రొక్యూర్ చేసేవారు. భూమి ఎక్వైర్ చేసేవారు. ‘బై’ అన్న మాట ఏ నోట్‌ఫైల్లోనూ రాసినట్టు నాకు జ్ఞాపకం లేదు. అది బజారు మాట.

ఈ తేడా మనం పెట్టింది కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాత అక్కడి కోర్టుల్లో, కచ్చేరీల్లో ఫ్రెంచి, లాటిను పెత్తనం చేశాయి. నాటు మాట ‘బై’ సంతలో ఉండిపోయింది, ఫ్రెంచి మాట ‘పర్చేజ్’ దస్తావేజుల్లోకి ఎక్కింది. మన దగ్గర ‘కొనుట’ ఇంట్లో ఉండిపోయి, ‘క్రయం’ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లినట్టే. ఇక పారశీకం నుంచి వచ్చిన ‘ఖరీదు’ ఉంది. అక్కడ దానికి కొనుగోలు అని అర్థం. మన వాడుకలో ఎక్కువగా వెల అనే అర్థానికి దిగింది.

పర్చేజ్‌కు మూలార్థం వెంటపడి పట్టుకోవడం. వేటలో జంతువును తరిమే ‘చేజ్’ అందులోనే ఉంది. డబ్బు ప్రసక్తి తర్వాత వచ్చింది. పాత ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో వారసత్వంగా కాక మరే విధంగా భూమి దక్కినా దాన్ని ‘పర్చేజ్’ అనేవారు. స్నేహితుడు వీలునామాలో ఒక్క కాణీ తీసుకోకుండా పొలం రాసిచ్చినా చట్టం దృష్టిలో అది పర్చేజే! దీనికే ఐరోపా ఖండంలోని పాత న్యాయవేత్తలు ‘కాంక్వెస్ట్’ అనే అర్థం వచ్చే మాట వాడేవారని పద్దెనిమిదో శతాబ్దపు న్యాయవేత్త బ్లాక్‌స్టన్ రాశాడు. కొనడం, జయించడం ఒకే గూటి పక్షులన్నమాట. మనం ఇన్‌కంటాక్సు ఫారాల్లో చూసిన ‘పెర్‌క్విజిట్’ కూడా ఈ కుటుంబంలోదే. వారసత్వంగా కాక సంపాదించుకున్నది అని దాని పాత అర్థం.

‘ప్రొక్యూర్’ అంటే లాటినులో ఇంకొకరి తరఫున చూసుకోవడం. 1965లో ఏర్పడిన ఫుడ్ కార్పొరేషన్ ధాన్యం తీసుకోవడాన్ని ప్రొక్యూర్‌మెంట్ అనడం ఆ లెక్కన సబబే. తినేది ఆ సంస్థ కాదు గదా.

అసలు చిక్కు ‘ఎక్వైర్’తో వచ్చింది. యజమాని అమ్మనన్నా ప్రభుత్వం భూమి తీసుకోవడాన్ని ఇంగ్లండులో నిర్బంధ పర్చేజ్ అంటారు. కనీసం నిర్బంధమని ఒప్పుకున్నారు. అమెరికావారు తమ రాజ్యాంగంలో సూటిగా ‘తీసుకొనుట’ అని రాసుకున్నారు. మన దేశంలో కంపెనీవారు 1824లో బెంగాలులో మొదలుపెట్టగా, తర్వాత 1894 చట్టం నాటికి ‘ఎక్విజిషన్’ ఖాయమైంది. వెతికి సంపాదించడం అని లాటిను అర్థం. వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. మనవాళ్లు దాన్ని ‘సేకరణ’ అన్నారు. రైతు మనసొప్పి తూచే ధాన్యమూ సేకరణే, ఒప్పకపోయినా పోయే పొలమూ సేకరణే. 2015లో అమరావతి కోసం ‘సమీకరణ’ అనే మూడో మాట వచ్చింది.

ఇవి ఉత్త మాటలే కదా అనుకోవద్దు. పశ్చిమ బెంగాలులో శరణార్థుల కోసం తీసుకున్న భూమికి 1946 డిసెంబరు నాటి ధర మించి ఇవ్వమన్న చట్టం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ‘కాంపెన్సేషన్’ అంటే పోయినదానికి సరిసమానమైనది అని 1953లో కోర్టు చెప్పింది. 1955లో, ఆ మొత్తం చాలదని కోర్టులో అడగకుండా రాజ్యాంగాన్ని సవరించారు. బ్యాంకుల జాతీయీకరణ కేసు తర్వాత 1971లో ఆ మాటనే తీసేసి ‘ఎమౌంట్’ అని పెట్టారు. 1978 సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల్లోంచే పోయింది.

పరిహారం మీద అదనంగా ఇచ్చే ‘సొలేషియం’ అంటే ఓదార్పు. 1894 చట్టంలో ఆ ఓదార్పు నూటికి పదిహేను, 1984 నుంచి ముప్పై, 2013 చట్టంలో నూటికి నూరు.

నేను భూసేకరణ సెక్షనులో ఉండగా 1977లో ఒక కాలువ కింద పోయిన పొలాలకు డబ్బు పంచాం. తెలుగు రసీదు ఫారం తయారుచేసింది నేనే. కుర్రతనం, ‘కొనుగోలు సొమ్ము ముట్టినది’ అని రాశాను. పంచాయతీ ఆఫీసు అరుగు మీద అది చదివి వినిపిస్తే ఒక ముసలి రైతు, “నేను అమ్మలేదు గదా బాబూ, మీరెట్టా కొన్నారు?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, “మాటదేముంది పెద్దయ్యా, ముద్ర వెయ్యండి” అన్నాను. వేశాడు.

నలుగురైదుగురు మాత్రం ప్లీడరు గుమాస్తా చెప్పగా, సొమ్ము ‘నిరసనతో’ పుచ్చుకుంటున్నామని సంతకం పక్కన రాశారు. ఆ ఒక్క మాట లేకుండా డబ్బు తీసుకున్నవారికి, ధర పెంచమని కోర్టుకు పంపించుకునే హక్కు ఉండదు. అప్పటి చట్టంలో అది 31వ సెక్షను. 2013 చట్టంలోనూ ఆ నిబంధన ఉంది, పొలాలున్నవారు గుర్తుంచుకోవాలి. పక్కవాళ్లు గెలిస్తే కోర్టుకు వెళ్లనివారూ ఆ ధర అడగవచ్చని 28-ఎ సెక్షను 1984లో వచ్చింది. ఈ కేసు తీర్పు అంతకు రెండేళ్ల ముందే అయిపోయింది. నిరసన రాసినవారికి ధర పెరిగింది.

ఆయన ఆఫీసుకు వచ్చి, గట్టు పక్కవాడికి వచ్చిన డబ్బు తనకెందుకు రాలేదని అడిగాడు. పాత వోచరు తీసి చూపించాను. ఏ మాట లేదో చెప్పాను.

“ఆ మాట రాయాలని ఆనాడు నీకు తెలుసా నాయనా?” అన్నాడు.

తెలుసన్నాను. చెప్పమని ఏ రూలూ లేదని కూడా అన్నాను. ఆయన వోచరు మీద తన వేలిముద్రను కాసేపు చూసి, కాగితం నా చేతికిచ్చి, బస్సుకు వేళయిందని లేచి వెళ్లిపోయాడు.