ఎడతెగని ప్రార్థనయు చేతిపనియు

విశ్వాసులు మానక ప్రార్థింపవలెనని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో ఆజ్ఞాపించెను. ఈ మాట విని మన పల్లె సంఘములలో అనేకులు దిగులుపడుచున్నారు. కోడి కూయకమునుపే లేచి, వంట ముగించి, నాట్లకో కలుపుతీతకో పోయి, ప్రొద్దుగూకిన తరువాత ఇల్లు చేరు తల్లి, “అయ్యగారూ, ఎడతెగని ప్రార్థన మాబోటి కూలివారికి ఎట్లు కుదురును? అది మీవంటివారికే గదా!” అని అడుగును. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు 1600 సంవత్సరముల క్రిందటనే సంఘము దీనిని ఎదుర్కొనెను.

4వ శతాబ్దములో మెసొపొతమియ, సిరియ ప్రాంతములలో ఒక గుంపువారు బయలుదేరిరి. వారిని మెస్సలీయులనిరి. సిరియ భాషలో ఆ పేరునకు ప్రార్థించువారని అర్థము. చేతిపని ఆత్మీయులకు తగదని వారు బోధించిరి. పని మాని, ఇతరులు పెట్టినది తిని, ప్రార్థనయే తమ వృత్తి అనుకొనిరి. బాప్తిస్మము వలనను ప్రభువు బల్ల వలనను గొప్ప మేలేమియు లేదనియు, ప్రార్థన ఒక్కటే చాలుననియు చెప్పుచువచ్చిరి. 431వ సంవత్సరమున ఎఫెసులో కూడిన సంఘ మహాసభ ఈ బోధను ఖండించెను. సంఘము ఖండించినది ప్రార్థనను కాదు. ప్రార్థన పేరిట పనిని, సహవాసమును తృణీకరించుటను ఖండించెను.

అట్టివారు కొందరు ఒక దినమున ఐగుప్తు దేశమందు లూసియ అను వృద్ధ సన్యాసిని చూడవచ్చిరి. ఆయన అలెక్సంద్రియ పట్టణమునకు తొమ్మిదవ మైలురాయి యొద్దనున్న మఠములలో నివసించెను. “మీరేమి చేతిపని చేయుదురు?” అని ఆయన అడిగెను. పని ముట్టమనియు, పౌలు చెప్పినట్లు ఎడతెగక ప్రార్థింతుమనియు వారు బదులు చెప్పిరి. “మీరు భోజనము చేయరా?” అని అడుగగా చేయుదుమనిరి. “మీరు తినునప్పుడు మీకు మారుగా ఎవరు ప్రార్థింతురు? మీరు నిద్రించునప్పుడు ఎవరు ప్రార్థింతురు?” అని మరల అడిగెను. వారియొద్ద జవాబు లేకపోయెను.

అప్పుడు ఆ వృద్ధుడు తన పద్ధతిని వారికి తెలిపెను. ఆయన ఖర్జూరపు ఆకులను నీళ్లలో నానవేసి, కూర్చుండి, త్రాడు అల్లును. అల్లుచున్నంతసేపు 51వ కీర్తన ఆరంభములోని కనికరపు విన్నపమును దేవునికి చెప్పుకొనుచుండును. సాయంకాలమునకు వచ్చిన సొమ్ములో రెండు నాణెములను బీదల నిమిత్తము వాకిటి బయట ఉంచి, మిగిలినదానితో తన భోజనము జరుపుకొనును. ఆ రెండు నాణెములు తీసికొనిన బీదవాడు, తాను తినునప్పుడును నిద్రించునప్పుడును తనకొరకు ప్రార్థించుననియు, ఆ విధముగా తన ప్రార్థన ఎడతెగక సాగుచున్నదనియు ఆయన చెప్పెను.

ప్రియులారా, ఈ మాటను జాగ్రత్తగా తలపోయుడి. ఒంటరి మనుష్యుడెవడును ఎడతెగక ప్రార్థింపలేడు. అతనికి ఆకలియు నిద్రయు ఉన్నవి. ఎడతెగని ప్రార్థన సంఘమంతయు కలిసి మోయు కాడి. వంటకు కొలుచునప్పుడెల్ల పిడికెడు బియ్యము దేవునికని ప్రక్కన పెట్టు మన తల్లులు లూసియ రెండు నాణెములను ఎరుగకయే ఆయన త్రోవలో నడచుచున్నారు.

జర్మనీ దేశములో సాక్సొనీ సీమయందు హెర్న్‌హూట్ అను పల్లెవారును దీనిని గ్రహించిరి. వారిలో అనేకులు తమ విశ్వాసము నిమిత్తము మొరావియ దేశమును విడిచి, జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూములలో తలదాచుకొనినవారు. 1727 ఆగస్టు నెలలో 24 మంది పురుషులును 24 మంది స్త్రీలును దినములోని ఒక్కొక్క గంటను పంచుకొని, ఒకరి తరువాత ఒకరు ప్రార్థింప నిశ్చయించుకొనిరి. ఒకరు పనిలోనో నిద్రలోనో ఉండగా మరియొకరు మోకాళ్లమీద ఉండిరి. ఆ వరుస నూరు సంవత్సరములకు పైగా సాగెను. 1732లో వెస్టిండీసు దీవులలోని బానిసలకు సువార్త చెప్పుటకు ఆ పల్లె నుండి మొదట బయలుదేరినవారు ఇద్దరు: లెయొనార్డ్ డోబర్ కుండలు చేయువాడు, డేవిడ్ నిచ్‌మన్ వడ్రంగి. ప్రార్థన వారి చేతులను ఖాళీగా కూర్చుండబెట్టలేదు.

పౌలు సంగతియు ఇట్టిదే. ఎడతెగని ప్రార్థనను గూర్చి వ్రాసిన ఆ పత్రికలోనే, 2వ అధ్యాయములో, తాను ఎవరికిని భారము కాకుండ రేయింబవళ్లు కష్టపడి పనిచేసితినని జ్ఞాపకము చేసెను. ఆయన వృత్తి డేరాలు కుట్టుట.

కాబట్టి అమ్మా, నీవు దిగులుపడవద్దు. నారు నాటుచు ఒక చిన్న విన్నపమును పెదవులమీద ఉంచుకొనుము. అలసి నిద్రపోవునప్పుడు దోషిననుకొనవద్దు. ఆ గడియ నీ సహోదరునిది. అయితే ఆ సహోదరుడు మేల్కొని ఉన్నాడా? సంఘ పెద్దలారా, కాపరులారా, ఈ ప్రశ్న మనది. కూలికి పోయి అలసినవారి పేర్లు ఈ రాత్రి మన ప్రార్థనలో ఉన్నవా? వారు నిద్రించు వేళ వారికి మారుగా మేల్కొనుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక.