నాలుగు మీటర్ల రూలు, కాలవ కట్ట మీద కారు

మాది తెనాలికీ రేపల్లెకీ మధ్య ఒక పల్లెటూరు. ఊళ్ళోకి రోడ్డంటే కాలవ కట్టే. రెండేళ్ళ కిందట సంక్రాంతికి రైళ్ళలో టికెట్లు దొరక్క నేనూ మా పెదనాన్న కొడుకూ కలిసి హైదరాబాదులో ఒక పెద్ద ఎస్‌యూవీ అద్దెకు తీసుకున్నాం, డ్రైవరు లేకుండా మనమే నడుపుకునే రకం. పంతంగి టోల్‌గేటు దగ్గర గంటన్నర ఇరుక్కుపోయినా లోపల ఏసీలో మహారాజుల్లా కూచున్నాం. విజయవాడ దాటింది, తెనాలి దాటింది, వేమూరు వైపు తిరిగాక అసలు కథ మొదలైంది.

కట్ట మీద ఎదురుగా ఒక తాత సైకిలు మీద గడ్డిమోపు కట్టుకుని వస్తున్నాడు. నేను హారన్ కొట్టలేదు, స్పీడులో కూడా లేను. కానీ రోడ్డంతా నా బండే ఉంది. ఆయన సైకిలు దిగి పక్కకి జరిగాడు. ఇంకాస్త జరిగాడు. అంచున మట్టి జారింది. మోపుతో సహా సైకిలూ, సైకిలుతో పాటు ఆయనా కాలవలోకి వెళ్ళిపోయారు. మోకాలి లోతు నీళ్ళే కాబట్టి సరిపోయింది. ఇద్దరం దిగి చెయ్యిచ్చి పైకి లాగాం. కాలు గీసుకుపోయి నెత్తురొస్తోంది. నాలుగు తిడతాడేమో, పడదాం అనుకున్నా. ఆయన తువ్వాలుతో కాలు తుడుచుకుంటూ "బండి పెద్దదైతే కట్ట పెద్దదవుద్దా అబ్బాయ్?" అన్నాడంతే. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

తప్పు నాదే. ఎవరో బలిసినవాడు అడ్డదిడ్డంగా నడిపాడని తిట్టుకోవడానికి కూడా లేదు. ఆ ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది. అప్పట్నించీ ఈ కార్ల సైజుల గొడవ గురించి దొరికిందల్లా చదువుతున్నా. అందులో కొంత ఇక్కడ రాస్తున్నా.

ముందు కట్ట ఎందుకు పెద్దదవదో చెప్పాలి. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టింది 1852-55 మధ్య. దాంతో డెల్టా అంతా కాలవలు పరుచుకున్నాయి. ఆ కాలవలు నీళ్ళకే కాదు, పడవలకి కూడా. ధాన్యం పడవల్లో వెళ్ళేది. తరవాత రైలొచ్చింది, రేపల్లె దాకా లైను పడింది 1916లో. అంటే బరువు మోసే పని పడవకీ రైలుకీ ఇచ్చేసి, కట్టని మనుషులకీ ఎద్దుబండికీ వదిలేశారన్నమాట. ఆ కట్ట మీదే తరవాత్తరవాత కంకర పోసి, తారు పోసి రోడ్డన్నాం. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పల్లంలో వరి చేను. ఎటు వెడల్పు చేస్తారు? (ఈ దారిలో కంకర కథ కూడా ఒకటుంది. భట్టిప్రోలు బౌద్ధ స్తూపం ఇటుకల్ని రోడ్లకీ, రాళ్ళని వెల్లటూరు దగ్గర కాలవ కట్టడానికీ వాడేశారు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలకి వచ్చేటప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. రెండు వేల ఏళ్ళ స్తూపాన్ని మింగి కూడా మా రోడ్డు సన్నగానే ఉంది!)

పల్లెటూరి సింగిల్ లేను రోడ్డు లెక్క ప్రకారం 3.75 మీటర్లు. మారుతి 800 వెడల్పు 1.44 మీటర్లు. రెండు 800లు ఎదురైతే 2.88, ఇంకా ఎనభై ఏడు సెంటీమీటర్లు మిగుల్తుంది. అద్దాలు కాస్త మూసుకుని, ఒకరినొకరు "ఏం బాబాయ్, ఎటు?" అని పలకరించుకుని మరీ వెళ్ళొచ్చు. అంబాసిడర్ అందరూ ఏనుగు అనేవారు గానీ అది కూడా 1.7 మీటర్లకి లోపే. ఇప్పుడు ఫార్చ్యూనర్ 1.855. రెండు ఎదురైతే 3.71. అద్దాలు కలపకుండానే. స్కార్పియో-ఎన్ అయితే 1.917, రెండు కలిపితే రోడ్డు దాటి కాలవలోకి ఎనిమిది సెంటీమీటర్లు. చిన్న కారు అని మనం అనుకునే నెక్సాన్ కూడా 1.8 ఉంటుంది, అంటే అంబాసిడర్ కన్నా వెడల్పు. ఈ లెక్క వేసుకున్న రోజు నిజంగానే ఆశ్చర్యపోయా.

సరే, ఇంత పెద్ద బండ్లు వద్దని ప్రభుత్వాలు ఎప్పుడూ అనలేదా అంటే, చాలాసార్లే అన్నాయి. ఆ చరిత్ర చదువుతుంటే మన ఆఫీసు గుర్తొచ్చింది. క్లయింటు టెస్ట్ కేసులిస్తాడు, మనం ఆ టెస్ట్ కేసులు పాసయ్యేలా కోడు రాస్తాం. సమస్య తీరిందా లేదా అన్నది వేరే సంగతి :)

ఇంగ్లండులో 1921 నించి కార్లకి హార్స్‌పవర్ లెక్కన పన్ను వేశారు, ఒక్కో హార్స్‌పవర్‌కి ఒక పౌను. ఆ హార్స్‌పవర్‌ని ఇంజను నడిపి కొలవరు, ఒక ఫార్ములా ఉంది. సిలిండర్లెన్ని, ఒక్కోటీ ఎంత లావు, అంతే. సిలిండరు పొడుగు ఫార్ములాలో లేదు. కంపెనీలేం చేశాయో ఊహించండి. సిలిండర్లు సన్నగా, పొడుగ్గా చేసేశాయి. పవర్ పెరిగింది, పన్ను పెరగలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గానీ ఆ పన్ను పోలేదు. మన అంబాసిడర్ పుట్టింటివాళ్ళైన మోరిస్ కంపెనీ పెరిగింది ఆ రోజుల్లోనే. (తెనాలిలో మారీసుపేటకి ఆ పేరు కారు వల్ల వచ్చింది కాదులెండి.)

మన దగ్గర ఇదే ఆట 2006లో మొదలైంది. ఆ ఏడు బడ్జెట్‌లో చిదంబరం గారు చిన్న కార్లకి ఎక్సైజు 24 శాతం నించి 16కి తగ్గించారు. చిన్న కారంటే ఏంటి? పొడుగు 4 మీటర్లు మించకూడదు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ. అంతే, దేశంలో కార్లన్నీ నాలుగు మీటర్ల దగ్గర ఆగిపోయాయి. టాటా వాళ్ళు 2008లో ఇండిగోకి వెనక డిక్కీ కోసి సీఎస్ అని అమ్మారు. మారుతి వాళ్ళు 2012లో డిజైర్‌కి అదే పని చేశారు, 3.995 మీటర్లు. అయిదు మిల్లీమీటర్ల మార్జిన్‌తో టెస్ట్ పాసన్నమాట. చూడ్డానికి తోక తెగిన బల్లిలా ఉందని అప్పట్లో నవ్వుకున్నాం గానీ, నన్నడిగితే ఇది బాగా పనిచేసిన రూలు. ఆ ఒక్క సంఖ్య లేకపోతే ఈపాటికి మన సందుల్లో ఒక్కో కారూ ఇంకో అడుగున్నర పొడుగుండేది. దీనికి పెద్దగా పోలీసులు అక్కర్లేదు, ఉపన్యాసాలు అక్కర్లేదు.

మళ్ళీ చిదంబరం గారే 2013 బడ్జెట్‌లో ఎస్‌యూవీల మీద ఎక్సైజు 27 నించి 30 శాతం చేశారు. ఆయన చెప్పిన కారణం అక్షరాలా మా తాత చెప్పిందే. ఇవి రోడ్డు మీదా పార్కింగ్‌లోనూ ఎక్కువ చోటు తింటాయి, కాబట్టి ఎక్కువ కట్టాలి. కారణం బ్రహ్మాండంగా ఉంది. కానీ ఎస్‌యూవీకి నిర్వచనం రాసేటప్పుడు 4 మీటర్ల పొడుగు, 1500 సీసీతో పాటు నేలకీ బండి అడుగుకీ మధ్య 170 మిల్లీమీటర్ల ఎత్తు అని కూడా పెట్టారు. మూడూ ఉంటేనే ఎస్‌యూవీ. మహీంద్రా వాళ్ళు ఎక్స్‌యూవీ 500ని 160 మిల్లీమీటర్లకి దించేశారు. బండి అదే, చోటు అదే, నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగిందంతే. ఇక అది ఎస్‌యూవీ కాదు. పేరులో మాత్రం ఎక్స్‌యూవీ!

ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఒకటుంది. మా డెల్టాలో బండికి కావలసిందల్లా ఆ ఎత్తే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకలు మునిగాయి. మా బాబాయ్ బొలెరో ఆ వారమంతా పాలక్యాన్లూ, మందులూ, ముసలివాళ్ళనీ మోస్తూనే ఉంది. ఎత్తున్న బండి మాకు షోకు కాదు. మాకు ఇబ్బందల్లా వెడల్పుతోనే. ప్రభుత్వం పొడుగు కొలిచింది, ఎత్తు కొలిచింది, ఇంజను కొలిచింది. 2006 నించి ఇప్పటిదాకా ఏ రూల్లోనూ వెడల్పు లేదు. పొడుగుకి తాళం వేశాక కంపెనీలకి మిగిలిన దారి పక్కలకి పెరగడమే కదా.

తరవాతి కథ గబగబా చెప్పేస్తా. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల 2000 సీసీ, ఆపైన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. కొద్ది వారాల్లోనే మహీంద్రా 1.99 లీటర్ల ఇంజను దించింది. ఎనిమిది నెలల తరవాత ఒక శాతం పర్యావరణ సెస్సు కట్టించుకుని నిషేధం ఎత్తేశారు. 2017లో జీఎస్టీ వచ్చాక పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం దాకా వెళ్ళింది. 2025 సెప్టెంబరు 22 నించి సెస్సు తీసేసి చిన్నవాటికి 18, పెద్దవాటికి 40 చేశారు. రెంటి మధ్య తేడా చూస్తే ముందులాగే ఇరవై ఒకటీ ఇరవై రెండు శాతం, పెద్దగా మారింది లేదు. కానీ యాభై ఉన్నది నలభై అయితే కొనేవాడికి తేడా కనిపించదు, తగ్గింపే కనిపిస్తుంది. కరెంటు కారైతే ఎంత పెద్దదైనా 5 శాతమే. రెండు టన్నుల కరెంటు బండి వచ్చినా తాత దిగాల్సింది ఆ కాలవలోకే కదా.

వెడల్పు కొలిచిన వాళ్ళు లేరా? ఉన్నారు. జపాన్‌లో కేయి కార్లని ఒక తరగతి. 1949లోనే మొదలైంది. ఇప్పటి కొలతలు 1998లో పెట్టారు, పొడుగు 3.4 మీటర్లు, వెడల్పు 1.48, ఇంజను 660 సీసీ. వీటికి పన్నులు తక్కువ. సన్న సందుల దేశం కాబట్టి సందుకి సరిపడా కారుని తయారు చేయించుకున్నారు. పైగా 1962 నించి అక్కడ ఇంకో చట్టం ఉంది, కారు పెట్టుకోడానికి సొంత చోటో, అద్దె చోటో చూపిస్తే గానీ రిజిస్ట్రేషన్ చెయ్యరు. దీన్ని తెనాలిలో పెడితే ఎలా ఉంటుందో ఊహించుకుని ఒక సాయంత్రం అంతా నవ్వుకున్నా. మా చుట్టాల్లో సగం మంది కార్లు గాంధీచౌక్ చుట్టుపక్కల సందుల్లో, వేరేవాళ్ళ ఇంటి అరుగుల ముందు కాపురం ఉంటాయి.

ఇంకోటి ప్యారిస్. 2024 ఫిబ్రవరి 4న అక్కడ పెద్ద బండ్ల పార్కింగ్ రేటు మూడింతలు చెయ్యాలా వద్దా అని ఓటింగు పెట్టారు. ఓటు వేసింది ఆరు శాతం మంది కూడా లేరు, వేసిన వాళ్ళలో 54 శాతం పైగా చెయ్యమన్నారు. ఆ ఏడు అక్టోబరు నించి 1.6 టన్నులు, ఆపైన బరువున్న బయటివాళ్ళ బండ్లకి ఊరి నడిబొడ్డున గంటకి 18 యూరోలు. కరెంటు బండికైతే 2 టన్నుల దాకా మినహాయింపు. అక్కడుండేవాళ్ళకి వాళ్ళ పేటలో ఈ రేటు వర్తించదు. మా తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటాం కదా, కాలవలూ నాటకాలూ సరే, ఇది కూడా తెచ్చుకుంటే బావుండు అనిపించింది. బోసు రోడ్డులో ఆస్పత్రుల ముందు గంట నిలబడి చూడండి, ఆటోలో పేషెంటుని తెచ్చినవాళ్ళు ఎక్కడో దింపి నడిపించుకు రావాలి, గుమ్మం ముందు మాత్రం ఒకే మనిషి వచ్చిన ఏడు సీట్ల బండి ఉంటుంది. బాపట్లలో ఆదివారం సూర్యలంక దారి సంగతి సరేసరి.

బాపట్ల అంటే గుర్తొచ్చింది. నేను అక్కడ చదువుకునే రోజుల్లో భావనారాయణ స్వామి రథం చూశా. ఇంగ్లీషు దొరలు రథాన్ని కారనే రాసేవారు, మద్రాసు వైపు రథం వీధుల్ని ఇప్పటికీ కార్ స్ట్రీట్ అంటారు. ఆ లెక్కన మన ఊళ్ళల్లో అందరికన్నా పెద్ద కారు దేవుడిది. కానీ ఆయన ఏడాదికోసారి, ముందే చెప్పి, కరెంటు తీగలు తీయించి, నడిచే జనం వేగంతోనే వస్తాడు. వీధి కూడా ఆయన కోసమే వెడల్పుగా వదిలారు.

పెద్ద బండి కొనేవాళ్ళంతా అహంకారులని నేననను. అయిదుగురు పెద్దవాళ్ళని తిరపతి తీసుకెళ్ళాలంటే కావాలి. హైవే మీద లారీల మధ్య ధైర్యంగా ఉంటుంది. కానీ ఆ ధైర్యం లోపల కూచున్నవాడికే. బానెట్ ఎత్తు నలభై అంగుళాలు దాటిన బండి గుద్దితే నడిచేవాళ్ళు చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని అమెరికాలో ఇన్సూరెన్సు వాళ్ళ సంస్థ 2023లో లెక్క తేల్చింది. పెళ్ళిళ్ళలో కారు సైజు మాట్లాడుకోవడం అయితే మనందరికీ తెలిసిన సంగతే, దాన్ని ఏ బడ్జెట్టూ ఆపలేదు. అందుకే నాకు పన్ను మీద కన్నా మున్సిపాలిటీ పార్కింగ్ మీదే ఆశ. కొనేటప్పుడు ఒకసారి కట్టే పన్ను ఈఎంఐలో కలిసి మర్చిపోతాం. వారం వారం కూరగాయల బజారుకి వెళ్ళినప్పుడల్లా 1.7 మీటర్లు దాటిన బండికి రెండింతలు తీసుకుంటే గుర్తుంటుంది. కొలవడం కూడా కష్టం కాదు, గీత గీస్తే చాలు, గీత దాటితే రెండు చోట్ల డబ్బులు. కంపెనీవాడు ఈ టెస్ట్ కేసుని మోసం చెయ్యాలంటే బండి సన్నం చెయ్యాలి. చెయ్యనివ్వండి, మనకి కావలసింది అదే.

ఆ తాత మొన్న సంక్రాంతికి మళ్ళీ కనపడ్డాడు. కాలు మీద మచ్చ ఉంది. "ఈసారి రైలెక్కొచ్చావా?" అని అడిగాడు.

మేం కూడా కారు కొనాలి. అమ్మకి పెద్దదే కావాలి, వీధిలో అందరికీ ఉందట. నాన్న ఏమీ అనలేదు గానీ నిన్న టేపు పెట్టి మా ఇంటి గేటు కొలిచి ఫోన్లో పంపాడు. ఆరడుగుల నాలుగంగుళాలు, అంటే 1.93 మీటర్లు.