ముందు ఒడ్డు, తర్వాతే పడవ: వాలపాయ్ జాతి నది కథ

పోస్టు కొంచెం పొడుగే. టైం చూసుకుని చివరిదాకా చదవండి.

ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఫోన్ నిండా రాఫ్టింగ్ వీడియోలే. రబ్బరు తెప్ప, ఒంటికి లైఫ్ జాకెట్లు, భయమూ సంబరమూ కలిపి అరిచే పిల్లలు. రాళ్ల మధ్య ఇరుక్కుని నది నురగలు కక్కుతూ దూకే చోటుని వైట్ వాటర్ అంటారు, మనం తెల్లనీళ్లు అనుకుందాం. వీడియో చూస్తున్నప్పుడు మనం తెప్పనే చూస్తాం. ఆ ఒడ్డు ఎవరిదని అడగం. ఈ పోస్టు ఆ ప్రశ్న గురించే.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్ అనే మహా లోయ ఉంది. దాని అడుగున కొలరాడో నది పారుతుంది. ఆ లోయలో తెల్లనీళ్ల మీద పొద్దున తెప్పెక్కి సాయంత్రానికి దిగిపోయే ప్రయాణం నడిపేది ఒక్కరే. తెడ్డు ఎన్నడూ పట్టనివాళ్లు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా ఎక్కేది ఇదే. ఆ తెప్పలు ఏ నగరపు సేటువీ కావు, వాలపాయ్ అనే ఆదివాసీ జాతివి. కంపెనీ పేరు వాలపాయ్ రివర్ రన్నర్స్. 1973లో జాతే మొదలుపెట్టింది, ఇప్పటికీ జాతిదే.

వాళ్లకే ఎందుకు దక్కింది? సమాధానం నీళ్లలో లేదు, నేల మీద ఉంది.

గ్రాండ్ కాన్యన్ పొడవు నది వెంట 277 మైళ్లు, అంటే సుమారు 446 కిలోమీటర్లు. పైన లీస్ ఫెర్రీ అనే రేవు దగ్గర మైలు లెక్క సున్నాతో మొదలవుతుంది. అక్కడ తెప్పెక్కితే మళ్లీ నీటి అంచుదాకా బండి వచ్చే దారి 226వ మైలు దగ్గర డైమండ్ క్రీక్ అనే వాగు దాకా లేదు. రెండు వైపులా నిట్టనిలువు కొండగోడలు. కాబట్టి పైనుంచి పూర్తిగా వచ్చేవాళ్లకు రోజులు పడుతుంది, తెడ్డు వేసుకుంటూ వస్తే రెండు వారాలు కూడా దాటుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి, కొత్తవాళ్లకు అది కుదిరే పని కాదు. డైమండ్ క్రీక్ దగ్గర మాత్రం పీచ్ స్ప్రింగ్స్ అనే ఊరి నుంచి వాగు వెంట దారి నేరుగా నదికి దిగుతుంది. ఆ ఊరు వాలపాయ్ జాతి రాజధాని. ఆ దారి వాళ్ల రిజర్వేషన్ నేల మీదే ఉంది. ఒక్కరోజు ప్రయాణానికి గుమ్మం అదే, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది.

ఆ తాళంచెవి ఎవరూ దానంగా ఇవ్వలేదు.

1858లో ఐవ్స్ అనే సైనికాధికారి ఈ ప్రాంతాన్ని పరిశీలించడానికి వచ్చాడు. లోయ అడుగుకు చేరిన మొదటి తెల్లవాళ్లు ఆయన బృందమే అని చరిత్రలో రాస్తారు. వాళ్లకు దారి చూపించి డైమండ్ క్రీక్ దగ్గరికి దింపింది వాలపాయ్ మనుషులే. చూసి వెళ్లి ఆయన ఏం రాశాడంటే, ఇది లాభం లేని చోటు, మా తర్వాత తెల్లవాళ్లెవరూ ఇక్కడికి రారేమో అని! ఈరోజు ఆ లోయకు ఏటా లక్షల మంది వస్తున్నారు. మొదటి గైడు మాత్రం ఆదివాసీయే. మన కొండల్లో కూడా దొరలకు, సర్వేవాళ్లకు బాట చూపించింది మనవాళ్లే గదా. పుస్తకంలో పేరు మాత్రం దొరది.

ఆ తర్వాత గనులవాళ్లు, పశువులవాళ్లు వచ్చారు. నీటి ఊటలు ఆక్రమించారు. 1860ల చివర్లో యుద్ధం జరిగింది. సైన్యం గుడిసెలు తగలబెట్టి తిండి నాశనం చేసింది. 1874లో వాలపాయ్ ప్రజలను బలవంతంగా నడిపించి, దక్షిణాన నది పల్లంలో ఉన్న లా పాజ్ అనే చోట నిర్బంధించారు. మన రంపలో 1879 పితూరీకి ఇది ఐదేళ్ల ముందు మాట. చల్లని ఎత్తు నేల మీద బతికినవాళ్లను ఆ వేడిలో పడేస్తే జబ్బులతో, ఆకలితో చాలామంది చచ్చిపోయారు. మరుసటి ఏడాది మిగిలినవాళ్లు అక్కడి నుంచి తప్పించుకుని సొంత నేలకు నడిచి వచ్చేశారు. ఇప్పటికీ వాళ్ల యువతీయువకులు ఏటా ఆ దారిని గుర్తుచేసుకుంటూ పరుగు తీస్తారు.

1883 జనవరి 4న అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ ఉత్తర్వుతో రిజర్వేషన్ ఏర్పడింది. సుమారు 10 లక్షల ఎకరాలు, నది వెంట 108 మైళ్లు. తిరిగిన నేల మొత్తంలో ఇది ఒక ముక్క మాత్రమే. కాగితం మీద ఇచ్చారు గానీ, అదే కాలంలో పీచ్ స్ప్రింగ్స్‌కు రైలు వచ్చింది. 1884లో ఒక తెల్లాయన డైమండ్ క్రీక్ వాగు దగ్గర చిన్న హోటల్ కట్టాడు. రైలు దిగినవాళ్లను గుర్రపు బండిలో హోటల్‌కు, అక్కడి నుంచి నది దగ్గరికి తీసుకెళ్లేవాడు. గ్రాండ్ కాన్యన్ టూరిజంలో మొదటి హోటల్‌గా చెప్పేది దాన్నే. గమనించండి: దారి వాలపాయ్‌లది, నేల వాలపాయ్‌లది, గల్లా పెట్టె మాత్రం ఆయనది. కొన్నేళ్లకే హోటల్ మూతపడింది, ఆ పద్ధతి మాత్రం మూతపడలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ రైల్వే కంపెనీ నుంచి వచ్చింది. 1866లో ప్రభుత్వం తమకు ఇచ్చిన గ్రాంటు ప్రకారం రిజర్వేషన్ లోపల కూడా ఒకటి విడిచి ఒకటి ముక్కలు మావే అని వాదించింది. అప్పుడు నిలబడినవాళ్లలో ముఖ్యుడు ఫ్రెడ్ మహోన్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన వాలపాయ్ యువకుడు. పెద్దల దగ్గర కూర్చుని ఎవరు ఏ ఊట దగ్గర బతికారు, ఎక్కడ పంట వేశారు అని వివరాలు సేకరించాడు, అర్జీల మీద అర్జీలు పెట్టాడు. కేసు చివరికి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1941 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఒప్పందం గానీ, చట్టం గానీ లేకపోయినా, తరతరాలుగా అనుభవంలో ఉన్న నేల మీద ఆ జాతికి హక్కు ఉంటుందని కోర్టు చెప్పింది. రిజర్వేషన్ బయటి భూమి మీద హక్కు మాత్రం వదులుకున్నట్టే అంది. అదొక నష్టం. ఆ తర్వాత రైల్వే లోపలి ముక్కల మీద పట్టు వదిలింది. ముసలివాళ్ల జ్ఞాపకం కోర్టులో సాక్ష్యమైంది. డైమండ్ క్రీక్ దారి చేజారిపోకుండా నిలిచింది ఇలా.

ఇప్పుడు నది మీదకి వద్దాం.

1869లో పావెల్ అనే ఆయన చెక్క పడవల మీద ఈ లోయ మొత్తం దాటాడు. పది మందితో, నాలుగు పడవలతో బయలుదేరితే చివరికి మిగిలింది ఆరుగురు, రెండు పడవలు. అప్పట్లో పడవ నడిపేవాళ్లు వీపు ముందుకు పెట్టి తెడ్డు వేసేవాళ్లు, అంటే ఎదురొచ్చే బండ కనపడదు. 1890ల్లో గాలొవే అనే వేటగాడు పడవను తిప్పి, నీటి ఉధృతిని చూస్తూ నడిపే పద్ధతి తెచ్చాడు. 1938లో నెవిల్స్ అనే ఆయన డబ్బు తీసుకుని మనుషుల్ని దాటించడం మొదలుపెట్టాడు. ఆ మొదటి ప్రయాణంలో ఇద్దరు మహిళా వృక్ష శాస్త్రవేత్తలున్నారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం అమ్మేసిన రబ్బరు పడవలు చౌకగా దొరికాయి. బండకు తగిలితే చెక్క పగులుతుంది, రబ్బరు వంగి వెనక్కి తుళ్లుతుంది. మామూలు మనిషి తెల్లనీళ్లలోకి రాగలిగింది ఆ రబ్బరు వల్లే. పావెల్ నుంచి 1949 దాకా, ఎనభై ఏళ్లలో, రికార్డుల ప్రకారం లోయ దాటినవాళ్లు సుమారు వంద మంది. 1972 ఒక్క ఏడాదిలో 16 వేలు దాటారు. పార్కు అధికారులు కంగారుపడి సంఖ్యను అక్కడే ఆపేశారు.

ఇదే కాలంలో ఆనకట్టల కథ కూడా నడిచింది. దిగువన 1930ల్లో కట్టిన హూవర్ డ్యాం నీళ్లు వెనక్కి తన్ని, 239వ మైలు దాటాక ఉన్న పెద్ద రాపిడ్లను ముంచేశాయి. ఎగువన 1963లో గ్లెన్ కాన్యన్ డ్యాం గేట్లు మూశారు. మధ్యలో, 237వ మైలు దాటిన చోట బ్రిడ్జ్ కాన్యన్ డ్యాం కట్టాలని ప్లాను. ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆ డ్యాంను వాలపాయ్ జాతి సమర్థించింది. పని లేదు, ఆదాయం లేదు, డ్యాం వస్తే డబ్బు వస్తుందని ఆశ. పర్యావరణవాదులు వ్యతిరేకించారు, 1968 చట్టంలో ఆ డ్యాంకు చోటు దక్కలేదు. డ్యాం కట్టి ఉంటే 226 నుంచి 237 దాకా ఉన్న రాపిడ్లన్నీ నీటి అడుగున ఉండేవి. ఈరోజు వాళ్ల పిల్లలు తెప్ప నడిపే చోటు అదే. ఆకలితో ఉన్న జాతిని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వేరే దారి చూపించకపోతే మనిషి తన నదినే ముంచమని అడగాల్సి వస్తుంది, అదీ విషయం.

ఆ దారి మూసుకుపోయిన ఐదేళ్లకు జాతి తెప్పలు దింపింది.

ప్రయాణం ఎలా ఉంటుందంటే, పీచ్ స్ప్రింగ్స్ నుంచి బండిలో డైమండ్ క్రీక్ దిగుతారు. తెప్ప పెద్దది, వెనక మోటారు ఉంటుంది, సరంగు జాతి తరఫు మనిషి. ఎక్కినవాళ్లు తెడ్డు వేయనక్కర్లేదు, తాడు గట్టిగా పట్టుకుంటే చాలు. చిన్నపిల్లలకు వయసు పరిమితి ఉంది, అందరికీ లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఎక్కగానే రాపిడ్లు మొదలవుతాయి. వానలకు పక్క వాగులు కొట్టుకొచ్చిన బండలు నదిలో పడి దారి ఇరుకు చేస్తాయి. రాపిడ్ అంటే అదే, ప్రతి వాగు మూతి దగ్గరా ఒకటి. 229వ మైలు దగ్గర ఆగి, నిచ్చెనలెక్కి ఒక జలపాతం చూస్తారు. సాయంత్రానికి నీళ్లు నెమ్మదిస్తాయి. పిల్లలకు ఆట, సరంగుకు లెక్క: నీటిమట్టం రోజూ మారుతుంది, నిన్న కనపడిన బండ ఈరోజు మునిగి ఉంటుంది.

అంతా సుఖాంతం అని చెప్పను. నది మధ్యదాకా సరిహద్దు మాదే అని జాతి అంటుంది, నీటి అంచు దగ్గరే ఆగిందని పార్కు అధికారులు అంటారు. ఆ తగువు అలాగే ఉంది. 2007లో లోయ అంచున తెరిచిన గాజు వంతెన, స్కైవాక్, బయటి పెట్టుబడిదారుడి డబ్బుతో కట్టారు. దాని నిర్వహణ ఒప్పందం మీద గొడవ ఏళ్లపాటు కోర్టుల్లో నలిగింది. వాళ్ల సొంత తెప్పలకూ, ఒప్పందం మీద వచ్చిన వంతెనకూ తేడా ఇక్కడ కనిపిస్తుంది.

మన గోదావరి సంగతి చూడండి. ఒకప్పుడు పాపికొండల్లో వెదురు కొట్టింది కొండరెడ్లు, కోయలు. ఆ వెదురు తెప్పలుగా కట్టి రాజమండ్రికి వదిలితే లాభం షావుకారిది. తర్వాత లాంచీలొచ్చాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగితే, ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు తమ పడవలేసుకుని వెళ్లి 26 మందిని బతికించారు. ఆ సుడి ఎక్కడ తిరుగుతుందో వాళ్లకు తెలుసు. బోటు వ్యాపారంలో వాళ్ల చోటు ఏంటి మరి? పోలవరం నీళ్లకు ఊళ్లే పోతున్నాయి, ఇక ఒడ్డు మాట ఎక్కడ?

చేతిలో ఏమీ లేదని కాదు. 1/70 ఉంది. 1996 పెసా చట్టం ఉంది. అనంతగిరి మండలం బొర్రా నుంచి వెళ్లిన కేసులో 1997 సమత తీర్పు ఉంది, ఏజెన్సీ భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు టూరిస్టు బసలు నడిపి చూపించాయి.

కాబట్టి మీ ఊరి వాగు మీదకి ఎవరైనా "రాఫ్టింగ్ ప్రాజెక్టు" అని వస్తే, గ్రామసభలో నాలుగు ప్రశ్నలు అడగండి. ఒడ్డు ఎవరి పేరున ఉంది? లైసెన్సు ఎవరికి ఇస్తున్నారు? సరంగు ఎవరు, అతనికి ప్రాణరక్షణ శిక్షణ ఎవరు ఇప్పిస్తారు? టికెట్టు డబ్బు ఏ ఖాతాలో పడుతుంది? "మీ పిల్లలకు ఉద్యోగాలిస్తాం" అనేది ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు కాదు.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ తాతయ్య దగ్గర, అమ్మమ్మ దగ్గర కూర్చుని వాగు పేర్లు, రేవుల పేర్లు, ఎవరు ఎక్కడ సాగు చేశారో రాసుకోండి. తేదీ వేయండి, సంతకమో వేలిముద్రో పెట్టించండి. ఫ్రెడ్ మహోన్ మొదలుపెట్టింది అక్కడి నుంచే. పడవ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

జై ఆదివాసీ.