వేడెక్కితేగానీ నోరు విప్పదు

మొన్నామధ్య నా పాత కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. బండేమో శుభ్రంగా నడుస్తోంది. కోడ్ రీడర్ తగిలిస్తే పి0135 అని వచ్చింది. "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు మెకానిక్. సరే అన్నా. ఆరువేలు వదిలాయి. మూడో రోజుకి అదే లైటు, అదే కోడు!

ఆఫీసులో జూనియర్లకి "ముందు లాగ్ పూర్తిగా చదవండ్రా బాబూ" అని రోజూ క్లాసు పీకే నేను, నా కారు దగ్గరకొచ్చేసరికి ఆ పని చెయ్యలేదు. పి0135 అంటే సెన్సర్ పోయిందని కాదు, మొదటి ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని. సర్క్యూట్ అంటే ఫ్యూజు దగ్గర్నుంచి కంప్యూటర్ దాకా ఉన్న దారి మొత్తం.

అసలు ఇంజిన్ పొగ వెళ్ళే గొట్టంలో కూచున్న సెన్సర్‌కి మళ్ళీ హీటరెందుకు? కుంపటి పక్కనున్నవాడికి కంబళి కప్పినట్టు! ఈ అనుమానం పట్టుకుని వెనక్కి వెళితే 19వ శతాబ్దంలో తేలాను.

1897లో జర్మనీలో వాల్టర్ నెర్న్‌స్ట్ అనే శాస్త్రవేత్త ఓ కొత్తరకం దీపం చేశాడు. అప్పటి బల్బుల్లో ఉండే కార్బన్ తీగకి గాలి తగిలితే కాలిపోతుంది. ఈయన జిర్కోనియం ఆక్సైడులో యిట్రియం ఆక్సైడు లాంటివి కలిపి చేసిన పింగాణీ కడ్డీ వాడాడు. అది ముందే ఆక్సైడు, ఇంకేం కాలుతుంది? ఒకటే చిక్కు. చల్లగా ఉంటే అందులోంచి కరెంటు పారదు. మొదట్లో అగ్గిపుల్లతోనో, స్పిరిట్ దీపంతోనో వేడి చెయ్యాల్సొచ్చేది. దీపం వెలిగించడానికి ఇంకో దీపమన్నమాట :) తర్వాత పక్కనే ప్లాటినం తీగతో హీటర్ పెట్టారు. టంగ్‌స్టన్ బల్బులొచ్చాక ఆ దీపాలు కొండెక్కాయి.

పింగాణీ మాత్రం మళ్ళీ అమెరికాలో అవసరపడింది. లాస్ ఏంజెలస్‌ని కమ్మేస్తున్న పొగమంచుకి కార్ల పొగ ఓ ముఖ్య కారణమని 1950ల్లో హాగెన్-స్మిట్ తేల్చాడు. 1970లో క్లీన్ ఎయిర్ చట్టం గట్టిపడింది. మూడురకాల విషవాయువుల్నీ ఒకేసారి శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచెయ్యాలంటే 1 కిలో పెట్రోలుకి సుమారు 14.7 కిలోల గాలి అందాలి. అది కనిపెట్టి చెప్పడానికే ఆక్సిజన్ సెన్సర్. జిర్కోనియా పింగాణీకి ఒకపక్క బయటి గాలి, రెండోపక్క పొగ. రెండువైపులా ఆక్సిజన్‌లో తేడా ఉంటే వోల్టేజి పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే సుమారు 0.9 వోల్టులు, తక్కువైతే 0.1. ఎంత పుడుతుందో చెప్పే సూత్రం కూడా నెర్న్‌స్ట్‌దే, 1889 నాటిది. 1976లో బాష్ ఈ సెన్సర్లు తయారు చెయ్యడం మొదలుపెడితే, ముందుగా వోల్వో కార్లలో వాడారు.

ఇక్కడా పాత చిక్కే. సుమారు 300 డిగ్రీలు దాటితేగానీ ఆ పింగాణీ నోరు విప్పదు. పొగ వేడితోనే వేడెక్కాలంటే టైము పడుతుంది. అప్పటిదాకా కంప్యూటర్ అంచనా మీద పెట్రోలు పోస్తుంటుంది. ఇంజిన్ ఎక్కువ విషం కక్కేది కూడా సరిగ్గా ఆ మొదటి నిమిషాల్లోనే. అందుకే 1982లో బాష్ సెన్సర్‌లోపలే హీటర్ పెట్టింది. దీపానికి దొరికిన మందే, 85 ఏళ్ళ తర్వాత! బండి బాగానే నడుస్తోంది కదా అని ఆ లైటుని వదిలెయ్యకూడదనేది కూడా ఇందుకే.

1996 నుంచి అమెరికాలో కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరైంది. ఈ హీటర్ మీద కూడా కంప్యూటర్ నిఘా పెట్టాలి. మన దగ్గర ఓబీడీ-2 బీఎస్-4 కార్లకి 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది.

సరే, ఈ చరిత్రంతా తెలిశాక మల్టీమీటర్ తీశా. ఫ్యూజు బాగానే ఉంది. (ముందు, వెనక సెన్సర్ల హీటర్ కోడ్లు రెండూ ఒకేసారి వస్తే మొదట అనుమానించాల్సింది ఫ్యూజునే.) మెకానిక్ తిరిగిచ్చిన పాత సెన్సర్‌లో హీటర్ తాలూకు రెండు పిన్నుల మధ్య కొలిచా. చాలా కార్లలో ఆ రెండు వైర్లూ ఒకే రంగులో ఉంటాయి. 6 ఓములు చూపించింది. సాధారణంగా కొద్ది ఓములే ఉండాలి, కచ్చితమైన అంకె ఆ కారు మాన్యువల్లో ఉంటుంది. తీగ తెగుంటే మీటర్ అసలేమీ చూపించదు. అంటే ఆరువేలు పెట్టి పారేసిన సెన్సర్ హీటర్ నిక్షేపంలా ఉంది! ఇక ఇంజిన్ ఆన్ చేసి కనెక్టర్ దగ్గర చూస్తే, 12 వోల్టులు రావాల్సిన చోట సున్నా. వైరు వెంబడే వెళితే ఓ ఇనుప క్లాంపుకి ఒరుసుకుని ఒరుసుకుని తెగిపోయి ఉంది. వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ రెండొందలకి అతికాడు.

మెకానిక్‌కి చెబితే "కంప్యూటరే చెప్పింది కద్సార్" అన్నాడు. ఆయన్నేమనగలను? ఆ కోడ్ నేనూ చూశాగా. ఆ పాత సెన్సర్ ఇప్పుడు ఆఫీసులో నా టేబుల్ మీద ఉంది. ఎవరైనా ఎర్రర్ మెసేజ్ సగం చదివి "మాడ్యూల్ మార్చేద్దాం" అంటే ముందు దాన్ని చూపిస్తున్నా. ఆరువేల పేపర్‌వెయిట్ మరి!